ఒకే ఇంట్లో రెండు పార్టీలు

ప్రచారానికి ఇవాళే ఆఖరు. మధ్యాహ్నం మా పార్టీ అభ్యర్థి బొంగురు గొంతుతో మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ పోయాక ఇవే మొదటి ఎన్నికలు.

"బాబాయ్, ఈసారి మీ ఓటు మాకు నికర లాభం. పిన్ని ఎప్పుడూ అవతలి పార్టీకి గుద్ది, మీ ఓటుకి సున్నా చుట్టేసేది!"

నిజమే. ఇద్దరం కలిసి వెళ్లి, చెరో పార్టీకి వేసి, నవ్వుకుంటూ వచ్చేవాళ్లం. ఒకసారి జోరున వాన. "మీదీ నాదీ చెల్లుకు చెల్లు. ఇద్దరం మానేద్దాం" అంది. సరేనని పడుకున్నాను. లేచేసరికి తడిసిన చీరతో, వేలి మీద సిరా గుర్తుతో టీ పెడుతోంది.

"వీధి చివర ఆసుపత్రికి పైకప్పు ఎప్పుడు వేస్తారు?" అని అభ్యర్థిని అడిగాను. గోడలు లేపింది ఆవిడ పార్టీ. మా పార్టీ గెలవగానే నిధులు ఆపేసింది.

"భలేవారే! మనం కప్పు వేస్తే పేరు వాళ్లకి పోదూ? మళ్లీ గెలిచాక అది పడగొట్టి, మనదే కొత్తది కట్టేద్దాం."

"రోగాలకి కూడా పార్టీలుంటాయా?" అని మా ఆవిడ దెప్పేది. ఆయాసం వచ్చిన రోజున ఆ మొండి గోడల ముందు నుంచే ఆటోలో పెద్దాసుపత్రికి బయల్దేరాం. దారిలోనే పోయింది.

"వస్తాను బాబాయ్. మీ ఓటు మా లెక్కలో వేసేసుకున్నాం."

"టీ తాగి వెళ్లు" అన్నాను. తాగి వెళ్లాడు.

ఎల్లుండి పొద్దున్నే వెళ్లి, మా ఆవిడ ఉంటే ఎవరికి వేసేదో వాళ్లకే నా ఓటు వేసి వస్తాను.