తాడు అవతల

ఇనుప గుండు తాడుకు జానెడు అవతల పడి, పచ్చటి గడ్డిలో పెద్ద గుంట చేసింది.

"అయ్యో అయ్యో! నా కొత్త గడ్డి!"

మైదానం చివర నీడలో కూర్చున్న పెద్దావిడ పార పట్టుకుని పరుగున వచ్చింది.

ఆమెను అందరూ గడ్డి పెద్దమ్మ అనేవారు. మైదానానికి గడ్డి నాటడమూ ఆమే, అల్లరి చేసేవాళ్లకు గడ్డి పెట్టడమూ ఆమే. అసలు పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

"తాడు కట్టింది కనిపించలేదా, గుంటల రాణీ?"

"హ్యామర్ త్రో అంటే అంతే పెద్దమ్మా. నాలుగు కిలోల గుండు. తీగ చివర పిడి పట్టుకుని గిరగిరా తిరిగి వదిలాక, అదింక నా మాట వింటుందా?"

"అయితే తాడు ఇవతల పడేట్టు విసురు."

"మరీ బాగుంది! దగ్గర్లో పడెయ్యడానికైతే ఇంత దూరం రావడమెందుకు?"

పెద్దమ్మ ఏదో గొణుక్కుంటూ గుంట పూడ్చింది.

మర్నాటికి తాడు ఇంకో రెండు మీటర్లు దూరం జరిగింది. దాని అవతల మళ్లీ కొత్త గడ్డి.

ఆ అమ్మాయికి ఒళ్లు మండింది. ముసలావిడ కావాలనే చేస్తోందనుకుంది. పంతం పట్టి విసిరింది. రెండు నెలలకు ఆ తాడూ దాటింది. తిట్లు తింది. తాడు మళ్లీ జరిగింది.

అలా నాలుగేళ్లు గడిచాయి. జిల్లా పతకాలు వచ్చాయి, రాష్ట్ర పతకాలు వచ్చాయి. దేశం జట్టులో చోటు మాత్రం రాలేదు. అందుకు జాతీయ రికార్డు దాటాలన్నారు. అరవై మూడు మీటర్లు. ఇరవై రెండేళ్లుగా ఎవరివల్లా కాలేదు.

"ఈ ఏడాది చూస్తాను. కాకపోతే వచ్చి వర్క్‌షాపులో లేత్ మిషన్ దగ్గర నిలబడు" అన్నాడు నాన్న. ఆయనకు మాత్రం ఎన్నాళ్లని ఓపిక ఉంటుంది?

ఆ చిరాకులో ఉండగానే పెద్దమ్మ మళ్లీ తాడు జరిపింది.

అమ్మాయి తిన్నగా మైదానం ఆఫీసుకు వెళ్లి కంప్లైంట్ రాసిచ్చింది. సూపరింటెండెంటు పెద్దమ్మను పిలిపించి, అందరి ముందూ చడామడా తిట్టాడు.

"సరేనండీ" అంది పెద్దమ్మ. తల వంచుకుని వెళ్లిపోయింది.

తెల్లారి చూస్తే తాడు అక్కడే ఉంది. ఒక్క అంగుళం కూడా కదల్లేదు.

"ఈవిడకు సిగ్గూ లేదు, భయమూ లేదు" అనుకుంది అమ్మాయి. మాట్లాడ్డం మానేసింది.

ఒకరోజు పెద్దమ్మే కదిలించింది.

"గుంటలన్నీ ఎడమ పక్కే చేస్తున్నావు. కుడి పక్క గడ్డి నీకేం పాపం చేసింది తల్లీ? దానికీ కాస్త వడ్డించరాదూ!"

అమ్మాయి మూతి ముడుచుకుంది. పక్కనే ఉన్న కోచ్ మాత్రం నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. వెళ్లి గుంటలు చూసి వచ్చాడు.

"అవునే! నువ్వు గుండును వెంట్రుకవాసి ఆలస్యంగా వదులుతున్నావు. ఇన్నాళ్లూ నేనెలా చూడలేదు?"

అది దిద్దుకోవడానికి మూడు నెలలు పట్టింది. పోటీలకు ఇంక వారం ఉందనగా గుండు తాడు దాటి పడింది.

తిట్లకు సిద్ధపడే నిలబడింది అమ్మాయి.

పెద్దమ్మ నెమ్మదిగా నడిచి వచ్చింది. ఈమధ్య కాస్త ఆయాసపడుతోంది. పార పక్కన పెట్టి, గుంట దగ్గర కూర్చుని అరచేత్తో తడిమింది.

"ఇక తాడు కట్టనులే" అంది.

"ఎందుకు? గడ్డి అయిపోయిందా?"

"అయిపోయింది తల్లీ. వెళ్లిరా. బాగా విసురు."

ఆ గొంతులో అంత ప్రేమ ఎప్పుడూ వినలేదు. తలూపి వెళ్లిపోయింది అమ్మాయి.

పోటీలో ఐదు విసుర్లూ రికార్డుకు ఇవతలే పడ్డాయి. ఆరోది అరవై మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. జట్టులో చోటు వచ్చింది. "ఇక లేత్ మాట ఎత్తను" అన్నాడు నాన్న ఫోన్‌లో.

వారానికి తిరిగి రాగానే మిఠాయి డబ్బా పట్టుకుని మైదానం చివరికి పరుగెత్తింది. కంప్లైంట్ రాసినందుకు పెద్దమ్మ కాళ్లు పట్టుకుందామనే అనుకుంది.

నీడలో పెద్దమ్మ లేదు. ఆమె పోలికలతోనే ఉన్న ముప్ఫై ఏళ్లావిడ పార, బుట్ట సర్దుతోంది.

"పెద్దమ్మ ఏదండీ?"

"నేను ఆవిడ కూతుర్ని. అమ్మ పోయి నాలుగు రోజులైంది."

అమ్మాయి మిఠాయి డబ్బా కింద పెట్టింది.

"నేను ఆవిడ మీద కంప్లైంట్ రాశానక్కా."

"తెలుసు. ఇంటికొచ్చి ఒకటే నవ్వు. 'పిల్లకి పౌరుషం వచ్చిందే, ఇక ఆగదు' అంది."

"నా ఆట చూసిందా?"

"చూసింది. ఆస్పత్రి మంచం మీద, నా ఫోన్‌లో. రికార్డు పోయిందనగానే 'హమ్మయ్య' అని కళ్లు తుడుచుకుంది."

"అంత ఇష్టమున్నావిడ మరి తాడు కట్టి నన్నెందుకు తిట్టేది?"

"తిడితేనే నువ్వు దాటుతావని. తెల్లవారుజామునే నాచేత టేపు పట్టించి, కొలిచి మరీ కట్టేది. చివరి తాడు సరిగ్గా అరవై మూడు మీటర్ల దగ్గర కట్టించింది."

ఆవిడ మైదానం వైపు చూసింది.

"ఇరవై రెండేళ్ల కిందట అమ్మ విసిరిన గుండు పడింది అంత దూరంలోనే."