మిస్ యున్ క్యాసెట్

"కార్డు చూపించు, ల్యాకుంటే వెనక్కి పో," అన్నాడు యాకూబ్, గేటుకు అడ్డంగా చేయి చాపి.

"నన్ను ఎరుగవా యాకూబ్ భాయ్? రోజూ ఈ మెస్సు ఊడ్చేది నేనేనాయె!"

"ఊడ్చేటప్పుడు రాపో. ఈ పొద్దు కచేరీ కొరియావోళ్లకే. పట్టుబడితే నీకూ ఎగ్జిట్, నాకూ ఎగ్జిట్. ఉద్యోగం ఊడి ఇద్దరం ఒకే విమానంలో ఊరికి పోతాం."

భూమేశ్ కదల్లేదు. గల్ఫ్‌లో, సహం దగ్గరి ఆ కొరియా కంపెనీ క్యాంపులో మూడేళ్లుగా అతను క్లీనర్. చొక్కా జేబులోంచి ఒక క్యాసెట్ తీశాడు. డబ్బా మీద తెల్ల గౌనులో పాప్ గాయని బొమ్మ. మిస్ యున్. ఆ మనిషే సియోల్ నుంచి వచ్చి, ఈ శుక్రవారం సాయంత్రం, ఆ గోడకు అవతల రెండు గంటలు ఒక్కతే పాడబోతోంది.

"రెండేండ్ల సంది డ్యూటీ దిగంగనే ఇదే ఇంటున్న భాయ్. డోలు లేదు, పెట్టె లేదు. ఉత్త గొంతు. పాటకూ పాటకూ నడుమ మనతోని ముచ్చట పెడ్తది. ఒక్కసారి ఎదురుంగ ఇంటే సాలు."

"అర్థమైతాదా నీకు?"

"అర్థమెందుకు? పానం నిమ్మళమైతది."

యాకూబ్ నవ్వాడు. "ఊర్నించి నీ పెండ్లాం సుమలత క్యాసెట్టు పంపి నెల దాటె. పాత సినిమా పాటల మీద తన మాటలు నింపి, ఒక పక్క నీ జవాబుకని వదిలింది గదబ్బా. నింపి పంపినావా? దానికి నీకు తీరదు. ఈయమ్మ కోసం మాత్రం ఎగ్జిట్‌కైనా తయారు!"

భూమేశ్ తల దించుకున్నాడు. "ఏం మాట్లాడాల్నో తోస్తలేదు భాయ్."

యాకూబ్ అటూ ఇటూ చూశాడు. గోడవారనున్న నీళ్ల సీసాల పెట్టె వైపు గడ్డం ఎగరేశాడు. "ఎత్తుకో. వెనకాల నిలబడు. పట్టుబడినావో, నువ్వెవరో నాకు తెలీదు."

మెస్సు హాలు కిక్కిరిసి ఉంది. మిస్ యున్ వేదిక ఎక్కగానే మూడు వందల మంది లేచి అరిచారు. బొమ్మలోని ముఖమే. ఆమె మైకు అందుకుని పాట ఎత్తుకుంది.

ముఖం అదే. గొంతు అది కాదు.

మైకులో అలా వినిపిస్తోందేమో అనుకున్నాడు. తన పాట వస్తే గుర్తు పడతాననుకుని ఓపిక పట్టాడు. ఒకటి, ఐదు, పన్నెండు. ఏ పాటా అతనిది కాదు. ఆమె నడుము వంచి సెలవు తీసుకుంటుంటే ఇక అతని కాళ్లు ఆగలేదు. నేరుగా వేదిక ముందుకు నడిచి క్యాసెట్ పైకెత్తాడు.

ఇద్దరు వచ్చి రెక్కలు పట్టుకున్నారు. సైట్ ఇంజనీర్ చోయ్ ముఖం ఎర్రబడింది. "నిన్నెవడు లోపలికి పంపాడు?" అన్నాడు వచ్చీరాని హిందీలో.

"ఎవరూ పంపలే సార్, నేనే దూరిన. రేపు ఎగ్జిట్ కొట్టుండ్రి. ఈ క్యాసెట్ల ఉన్న పాట ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, పాడుమనుండ్రి."

మిస్ యున్ వంగి క్యాసెట్ అందుకుంది. తన బొమ్మ చూసుకుని నవ్వి, పక్కనున్న టేప్ రికార్డర్‌లో పెట్టించింది. స్పీకర్లలో గరగర. ఆ వెంటే ఆ గొంతు.

మొదటి మాటకే హాలంతా చప్పబడిపోయింది. ముందు వరుసలో ఒక వెల్డర్ టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మిస్ యున్ నవ్వు ఆగిపోయింది. వేదిక మెట్టు మీద కూలబడింది. భూమేశ్ రెక్కలు పట్టుకున్న చేతులు వాటంతటవే వదిలేశాయి.

"ఇది నీకెక్కడిది?" చోయ్ గొంతు తగ్గింది.

"పార్క్ ఫోర్‌మెన్‌ది సార్. గుండె ఆగి పోయిండు గదా. శవాన్ని పంపిన నాలుగు దినాలకు పోస్టుల వచ్చింది. నెల దినాలు ఆఫీసు బల్ల మీదనే పడి ఉండె. ఊడ్వంగ నేను తీసుకున్న. పాటలదే గదా అని."

"పాటలది కాదు. మిస్ యున్ పాటలు చెరిపేసి రికార్డ్ చేశారు. ఇది ఉత్తరం. మాట్లాడేదీ, పాడేదీ పార్క్ భార్య."

భూమేశ్ స్పీకర్ల వైపు తిరిగాడు. రెండేళ్లుగా తాను చెవికి ఆనించుకుని విన్నది, పార్క్ ఒక్కసారి కూడా వినని ఉత్తరం.

స్పీకర్లలో చివరి పాట అయిపోయింది. టేపులోని ఆమె చిన్నగా నవ్వి, ఏదో అంది. టేపు టక్కున ఆగింది.

"ఆఖరు మాటకు ఏమర్థం సార్?" భూమేశ్ అడిగాడు. "నాకు నోటికొచ్చు. రోజూ పండుకునే ముందు ఈ బొమ్మతోని నేను గూడ గదే అంటుంటి."

చోయ్ కళ్లు తుడుచుకుని, ఒక్కో మాటా హిందీలోకి మార్చి చెప్పాడు.

"'రెండో పక్క నీకోసం ఖాళీగా ఉంచాను. ఏం మాట్లాడాలో తోచకపోతే, ఊరికే దగ్గి పంపినా చాలు.'"