అద్దె వాకర్

ఫాయిల్ కాగితాన్ని ఉండచుట్టి, నీళ్లలో ముంచి వాకర్ కాలి మీద రుద్దాను. ఎర్రమట్టి లాంటి నీళ్లు నా వేళ్ల సందుల్లోంచి కారాయి.

"అంత గట్టిగా రుద్దకు. క్రోమ్ పూత లేచిపోద్ది," అన్నారు మా ఆయన మంచం మీద నుంచి. మాట ముద్దగా వస్తోంది గానీ పెత్తనం మాత్రం ఎక్కడికీ పోలేదు.

రోగుల మంచాలు, చక్రాల కుర్చీలు, వాకర్లు అద్దెకిచ్చే కొట్టు మాది. మాది అనడం పేరుకే. ఆయనకు పక్షవాతం వచ్చేదాకా నన్ను అందులో ఒక కుర్చీ కూడా జరపనివ్వలేదు.

ఉన్నవాటిలో గట్టి వాకర్ ఏరి తెచ్చాను. బరువని ఎవరూ తీసుకోక, మూలపడి తుప్పు పట్టింది.

"ఈ నెలలో నిలబడకపోతే ఇక ఆశ పెట్టుకోకండమ్మా," అని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. ఆయనకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. నెల ఇవాళ్టితో ఆఖరు.

పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె రాశాను. వాకర్ తళతళలాడింది. దగ్గరికెళ్లి చూస్తే తుప్పు తిన్నచోట సన్నటి గుంటలు. అవి ఎంత రుద్దినా పోవు.

"ఏంటీ ముస్తాబు? నన్ను పెళ్లిచూపులకు తీసుకెళ్తావా ఏంటి?"

"ముందు మీరు లేవండి. పిల్ల సంగతి తర్వాత చూద్దాం."

ఇద్దరం నవ్వాం. 

చంకల కింద చేతులేసి లేపాను. ఎడమ చేయి పిడిని పట్టుకుంది. కుడిచేతిని నేనే ఎత్తి పెట్టాను. జారిపోయింది.

మళ్లీ పెట్టాను.

కాలు రమ్మంటే రాలేదు. ఆయన బరువంతా నా మీదికి వచ్చేసింది. ఇద్దరం మంచం మీద కూలబడ్డాం.

"ఇంకొక్కసారి చూద్దామండీ."

ఆయన ఎడమ చేత్తో వాకర్‌ను దగ్గరికి లాక్కుని, పిడి నుంచి కాలి దాకా వేలితో తడిమి చూశారు. కొట్లో సామాను చూసేటప్పుడు ఆయనకది అలవాటు.

నాకు ఏడుపొచ్చింది. అటు తిరిగి బకెట్ సర్దాను.

"బాగా తుడిచావు," అన్నారు. "రేపు కొట్టుకు ఎవరైనా వస్తే, ఇది అద్దెకిచ్చెయ్."