వంతెన మీద కూర్చునేదెవరు?

“నాకు అభ్యంతరం ఉంది,” అంది తల్లి మళ్లీ.

సభ నడుపుతున్న కూతురు కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చుకుంది. లైబ్రరీ పైగదిలో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుని అందరూ పొద్దుటి నుంచి కూర్చునే ఉన్నారు. కొత్త బొగ్గు కరెంటు ప్లాంటు వద్దంటూ రేపు వంతెన మీద బైఠాయించాలా, మానాలా అన్నది ఇవాళ తేలిపోవాలి. ఎల్లుండి ప్లాంటుకు అనుమతి ఇచ్చేస్తారు. ఆ తర్వాత కూర్చున్నా ఒకటే, పడుకున్నా ఒకటే.

జనాన్ని కదిలించాలంటే ఏం చెయ్యాలో జనాన్నే అడుగుదామని ఉద్యమంలో పట్టుబట్టింది కూతురే. వీధివాళ్ల పేర్లతో చీటీలు వేసి సభ్యుల్ని తీసిందీ ఆమే. ఒక్కరు కాదన్నా ఏ నిర్ణయమూ చెల్లదని, సభ నడిపేవాళ్లు తమ అభిప్రాయం చెప్పకూడదని నియమాలు పెట్టిందీ ఆమే. ఆ చీటీల్లో కన్నతల్లి పేరు వస్తుందని మాత్రం ఊహించలేదు.

“చెప్పండి, ఈసారి దేనికి అభ్యంతరం?” అంది. సభలో అమ్మనైనా ‘మీరు’ అనాల్సిందే.

“మైకుకి. వంతెన పక్కనే ఆస్పత్రి. లోపల పచ్చి బాలింతలుంటారు. వాళ్ల చెవిలో మన గోలేమిటి?”

“న్యాయమే,” అన్నాడు బస్సు డ్రైవరు.

మాట నచ్చినవాళ్లు చేతులు పైకెత్తి వేళ్లు ఆడించాలి. లెక్కల మేష్టారు ఆడించారు. టైలరమ్మ ఆడించింది. డ్రైవరు అటూ ఇటూ చూసి, “ఇదేం ఆటమ్మా, ఎవరైనా చూస్తే నవ్విపోతారు,” అంటూనే ఆడించాడు.

మైకు పోయింది. అంతకుముందు అంబులెన్సు కోసమని రోడ్డులో ఒక పక్క వదిలేశారు. దానికీ ముందు ‘మేలుకో’ అన్న నినాదం పోయింది. “చీకటితో లేచి వంట చేసి, గిన్నెలు తోమి బయల్దేరినదాన్ని పట్టుకుని మేలుకో అంటే నాకు ఒళ్లు మండుతుంది,” అంది తల్లి. అప్పుడూ అందరి వేళ్లూ ఆడాయి.

కూతురు ఇక ఆగలేకపోయింది.

“అమ్మా! నిజం చెప్పు. నాకు ఉద్యోగం వచ్చేలా ఉంది, ఇప్పుడు పోలీసు కేసు పడితే అది కాస్తా పోతుందని నీ భయం. అందుకే ఒక్కొక్కటీ ఊడబెరుకుతున్నావు. అవునా, కాదా?”

తల్లి కూతురి వైపు చూడనైనా లేదు.

“సభ నడిపేవాళ్లు ఇలా మాట్లాడొచ్చా, మేష్టారూ?” అంది తల్లి.

“కూడదమ్మా,” అన్నారు మేష్టారు ఇబ్బందిగా. “నియమం పెట్టింది అమ్మాయే.”

టైలరమ్మ నవ్వు కనపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కూతురి మొహం ఎర్రబడింది. తల్లి డ్రైవరు వైపు తిరిగింది.

“అన్నయ్యగారూ, మొన్న పిల్లలు రోడ్డు మీద కూర్చుంటే మీ బస్సు ఆగిపోయిందన్నారు కదా. అప్పుడు మీరేం చేశారు?”

“చేసేదేముందమ్మా! హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. చదువుకోమని పంపిస్తే పనీపాటా లేకుండా రోడ్డెక్కారని నోటికొచ్చినట్టు తిట్టాను. బస్సులోవాళ్లూ తలా ఓ మాట అన్నారు.”

“అదే మా వయసువాళ్లు కూర్చుని ఉంటే?”

డ్రైవరు చేతులు నలుపుకున్నాడు.

“హారన్ కొట్టలేనమ్మా. దిగొచ్చి, ఏమైంది తల్లీ అని అడుగుతాను.”

“చూశారా! అడిగినవాళ్లకైతే చెప్పొచ్చు. తిట్టేవాళ్లకి ఏం చెబుతాం? అందుకని నలభై దాటినవాళ్లే కూర్చోవాలి. పిల్లలెవరూ వంతెన ఎక్కకూడదు. దీనికి సరేనంటే నాకింక ఏ అభ్యంతరమూ లేదు.”

డ్రైవరు వేళ్లు అందరికన్నా ముందు ఆడాయి. కూతురు ఒక్కొక్కరి మొహమే చూసింది. ఎవరైనా కాదంటారేమోనని ఆశ. మేష్టారు కాదనలేదు. టైలరమ్మ రెండు చేతులూ ఎత్తింది. చివరికి నిర్ణయం పైకి చదవాల్సి వచ్చింది.

మిగతావాళ్లంతా మెట్లు దిగి వెళ్లిపోయారు. కూతురు కుర్చీలు ఒకదానిమీద ఒకటి దబదబా పడేస్తోంది.

“నీ పంతం నెగ్గిందిగా! ఇక్కడ కూర్చుని వేళ్లు ఆడించడానికేం, ఎవరైనా ఆడిస్తారు. మా ఉద్యమంలో నలభై దాటినవాళ్లు ఎవరున్నారని? రేపు వంతెన మీద పిట్ట కూడా ఉండదు. ప్లాంటువాళ్లు కూడా మమ్మల్ని ఇంత సుకుమారంగా చంపలేరు. కానిస్టేబుల్ ఎదురొస్తే పక్కసందులోకి తిరిగే మనిషివి, నీ మాట పట్టుకుని వీళ్లంతా...”

తల్లి చివరి కుర్చీ అందించింది. కిటికీ రెక్కలు మూసింది. ఫ్యాను ఆపింది. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ అంది:

“రేపు సాయంత్రం నన్ను విడిపించడానికి స్టేషన్‌కి వచ్చేటప్పుడు నా బీపీ మాత్రలు పట్టుకురా.”