రాజీ పాయసం

ప్రొద్దుటూరు కేబుల్ టీవీలో ఆదివారం పొద్దున షుగర్ రోగుల సంఘం కార్యక్రమం వస్తుంది. రోగులే కూర్చుని తమ జబ్బు గురించి చెబుతారు. ఆ వారం కుర్చీలో చెన్నారాయుడు ఉన్నాడు. జమ్మలమడుగు పక్క ఊళ్లో ఫ్యాక్షన్ గొడవల్లో ఒక పార్టీకి ఆయనే పెద్ద.

ఆయన చంకలో ఎప్పుడూ ఒక తోలుసంచి ఉంటుంది. అందులో ఉండేవి నాటుబాంబులని ఊరంతా నమ్మకం. కెమెరా ముందు దాన్ని తెరిచి, ఇన్సులిన్ సూది బయటికి తీశాడు.

"పదైదేండ్లాయ నాకు షుగరొచ్చి. తెలిస్తే అవతలోళ్లకు అలుసైపోతానని దాచినా. దాచి, కాలివేలు పోగొట్టుకున్యా. మీరు దాచొద్దండప్పా."

సంఘం నడిపే టీచరమ్మ, కార్యక్రమం చూస్తున్నవాళ్లలో ఒకరి ఫోన్ కలిపింది.

"నేను వీరన్నను."

స్టూడియోలో అందరూ బిగుసుకుపోయారు. వీరన్న అవతలి పార్టీ పెద్ద.

"పన్నెండేండ్ల కింద రాజీకి కూర్చుంటిమి. ఒకరింటి పాయసం ఒకరు తాగితే రాజీ అయినట్టు. మా ఇంటి పాయసం నువ్వు ముట్టకపోతివి. విషం కలిపినాననుకుంటివని శానా మండింది నాకు. అది షుగరుకా?"

"షుగరుకే. మరి మా ఇంటి గ్లాసు నువ్వు గూడా ముట్టలేదు కదప్పా. నా మీద నీకేం అనుమానం?"



"టీచరమ్మా," అన్నాడు వీరన్న, "వచ్చే ఆదివారం ఆ కుర్చీ నాకు పెట్టు. నా సంచిలో ఉండేదీ ఆ సూదే."