సంచిలో కోట రాయి

కొండదారి మలుపులో ఒక ముసలాయన బల్ల మీద కూర్చుని ఆయాసపడుతున్నాడు. పక్కన వీపుసంచి. బరువుకి దాని అడుగు సాగిపోయి ఉంది.

గెర్లిండే ఆగింది. ఫాల్కెన్‌రీడ్ కోట సంరక్షణ సంఘానికి ఆమె కార్యదర్శి. ఆర్నెల్లుగా శిథిలాల్లోంచి రాళ్లు మాయమవుతున్నాయి.

"సంచిలో ఏముంది పెద్దాయనా?"

"రాయి."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు.

తీసి చూసింది. పెద్ద రొట్టెంత ఇసుకరాయి. మధ్యలో చిన్న గుంట. ఏడొందల ఏళ్ల కిందట రాయిని పట్టకారుతో పైకెత్తడానికి తొలిచిన గుంట. కోట రాళ్ల గుర్తు అదే. ఒక పక్క మాత్రం ఎందుకో వెల్లవేసినట్టు సున్నం ఉంది.

"పైకి పదండి" అంది.

శనివారం. సంఘం వాళ్లు గోడల మీది మొక్కలు పీకేసి, తమ పాక ముందు సాసేజీలు కాలుస్తున్నారు. పన్నెండుమంది చూస్తుండగా ఆ రాయిని ముసలాయన చేతే బల్ల మీద పెట్టించింది.

"దొరికాడు."

"మోకాళ్లు వణుకుతున్నా చేతులు బాగానే ఆడుతున్నాయే" అన్నాడు సంఘంలోని జావర్. "పెరట్లో కోట కడుతున్నావా తాతా? కోళ్లకా, పందులకా?"

అందరూ నవ్వారు. ముసలాయన ముఖం ఎర్రబడింది.

"పేరు?" అడిగింది గెర్లిండే.

"ఎగిడ్. కొండ అవతలి ఊరు."

"ఇలాంటివి ఎన్ని మోశారు?"

"ఇది ఇరవై ఏడోది."

ఎవరో ఈల వేశారు.

"సిగ్గు లేదూ ఈ వయసులో?"

"ఉందమ్మా" అన్నాడు. "చాలా ఉంది."

మళ్లీ తనే, "ఇంకో నాలుగున్నాయి. అవి అయ్యేదాకా రానివ్వండి. తర్వాత ఇటు రాను" అన్నాడు.

"దొంగతనానికి గడువు అడుగుతున్నాడ్రా" అన్నాడు జావర్.

ఇక కొండ మీద అడుగుపెట్టనని అతని తరఫున గెర్లిండే కాగితం రాసింది. కింద సంఘం తరఫున తన పేరు, ఇంటిపేరు రాసి సంతకం చేసి అతని ముందుకు తోసింది.

అతను ఆ ఇంటిపేరు చాలాసేపు చూశాడు. ఏదో చెప్పబోయాడు. చుట్టూ ఉన్నవాళ్లని చూసి ఊరుకున్నాడు. సంతకం పెట్టాడు.

"ఆ రాయిని ఉత్తరపు గోడ కూలినచోట పెట్టండి" అని మాత్రం అన్నాడు.

"ఎక్కడ పీకాడో కూడా చెప్తున్నాడు, మంచివాడే" అన్నారెవరో.

సంచి కూడా తీసుకోకుండా దిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మరో రెండు రాళ్లు పోయాయి. ఎగిడ్ మాట ఎవరూ ఎత్తలేదు.

ఏడు వారాలకి పత్రికలో అతని మరణ ప్రకటన కనిపించింది. ఎలాంటివాడైనా సంచి అతనిదే కదా అనుకుని, గెర్లిండే పట్టుకుని వెళ్లింది.

అతని అక్క వాల్‌బుర్గా పెరట్లో ఉంది. గెర్లిండే తన పేరు, ఇంటిపేరు చెప్పి సంచి ఇచ్చింది.

ఆమె వెనక పాత పందుల కొట్టం. సున్నం కొట్టిన దాని గోడలో సగం ఊడదీసి కొత్త ఇటుకలు పెట్టారు. అడుగున నాలుగు రాళ్లు మిగిలాయి. నాలుగింటికీ మధ్యలో గుంట.

గెర్లిండే వంగి ఒక గుంటలో వేలు పెట్టి చూసింది.

"మా తాత కోట నుంచి తోలుకొచ్చి కట్టాడు" అంది వాల్‌బుర్గా. "వాటిని చూస్తే మా తమ్ముడికి తల కొట్టేసినట్టుండేది. వారానికొకటి ఊడదీసి మోసుకెళ్లేవాడు."

"మోసుకెళ్లేవాడా? పైకా?"

"మరి కోట కిందుందా అమ్మా?"



"ఆ రోజు ఆ ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

ముసలామె సంచి మీది దుమ్ము అరచేత్తో దులిపింది.

"నేనూ అదే అడిగాను. చెబితే మిగతా రాళ్లు ఎవరెవరి గోడల్లో ఉన్నాయో కూడా అడుగుతారన్నాడు. మా తాత మీ ఇంటికీ ఓ బండెడు తోలాడట, అంతమందిలో మీరు తల దించుకోవడం తనకిష్టం లేదన్నాడు."