అడ్డదారిలో ముళ్ళకంప

“మళ్ళీ తీసేశారు!” పారకు ఆనుకుని రొప్పుతూ అన్నాడు రిటైరైన డ్రైవరు.

పార్కులోని కొండబాటలు బాగుచేయడానికి ఆదివారాలు ఊరికే వచ్చి ఒళ్ళు హూనం చేసుకుంటాడు. జనం అడ్డదారిన ఎక్కితే వానకు మట్టి కొట్టుకుపోతుందని పొద్దున్నే ముళ్ళకంప అడ్డం వేస్తాడు. టీ వేళకల్లా అది పక్కన పడి ఉంటుంది.

“ఎవడో గానీ, దొరికితే కాళ్ళు విరగ్గొడతాను.”

భార్య ఫ్లాస్కు మూత తిప్పింది. “ఇంకేం విరగ్గొడతారండీ, మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. చుట్టుదారిన వస్తే మీ టీ సాయంత్రానికి అందుతుంది.”

అతని చూపు ఆమె వేళ్ళమీది ముళ్ళగీతల దగ్గర ఆగిపోయింది. ఇన్ని వారాలూ అన్నం వడ్డిస్తూ ఆ తిట్లన్నీ విన్నది ఆమే.

టీ తాగి, నడుం పట్టుకుని లేచాడు. కంపను మళ్ళీ అడ్డంగా లాగాడు, పక్కన ఒక్క మనిషి పట్టేంత సందు వదిలి.